పద్యం లేని చావు

కాల్గరీ నుంచి శ్రావణ్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. పదకొండు సెకన్లు. “మాస్టారు పోయిండు రా. నిన్న పొద్దుగాల. గుండె ఆగిపోయిందట. వాళ్లావిడ నీ నంబర్ అడిగింది, ఇచ్చిన.” అంతే. మార్కమ్‌లో మా ఆఫీసు పార్కింగులో కారు ఆపి విన్నాను. మొదటిసారే అంతా అర్థమైనా రెండోసారి కూడా విన్నాను.

మాస్టారు మాకెవరికీ పాఠం చెప్పినవాడు కాదు. కెనడాకి చదువుకి వచ్చిన కొత్తలో, వాటర్లూలో మేం ఐదుగురం అద్దెకున్న బేస్‌మెంట్‌లోకి ఆరోవాడుగా వచ్చాడు. కోవిడ్ సద్దుమణిగాక, ఒంటారియోలో ఏ కాలేజీ బస్సెక్కినా తెలుగు వినపడిన రోజులవి. మాకు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. ఆయనకి ముప్పై తొమ్మిది. తెనాలి దగ్గర ఆయన తాత పెట్టిన పద్యనాటక సమాజం నాన్న చేతుల మీదుగా ఆయన దాకా వచ్చి, ఆయన చేతుల్లోనే మూతపడింది. ఎవరో ఏజెంటు ఫిల్మ్ ప్రొడక్షన్ కోర్సు కాగితం చూపిస్తే స్టడీ పర్మిట్ మీద వచ్చేశాడు.

ఎప్పుడూ ఎవరికీ వీపు చూపించేవాడు కాదు. వంటగదిలో గిన్నె తోముతున్నా సగం ఇటు తిరిగి తోమేవాడు. బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడితే, వెనక సీట్లవాళ్లకీ ముందు సీట్లవాళ్లకీ ఆయన మొహం కనపడే కోణమేదో కాళ్లే వెతుక్కునేవి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య నుంచి నడిచేవాడు కాదు, సోఫా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఇక గొంతు. పాలు తెమ్మని చెప్పినా చివరి బెంచీవాడికి వినపడేలా చెప్పేవాడు. పార్ట్‌టైమ్ చేసే వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్ రెండుసార్లు పిలిచి నెమ్మదిగా మాట్లాడమన్నాడట.

“నెమ్మదిగానే మాట్లాడాను ఇంజనీరూ. అది నా గుసగుస” అని నాతో వాపోయాడు.

నేను ఎంబెడెడ్ సిస్టమ్స్ చదువుతున్నాను కాబట్టి ఇంజనీరు. శ్రావణ్ ఎత్తుగా ఉంటాడు కాబట్టి, వచ్చిన వారానికే వాడు “దుర్గాధిపతి”. ఆ పేరు వాడికి ఊరికే పెట్టలేదని తర్వాత తెలిసింది.

వాళ్ల సమాజం మూడు తరాలుగా ఆడిన విషాద నాటకం ఒకటుంది. ఒక కోట. కోటకి కాపలా అన్న. తెల్లారేదాకా ఎవరు పిలిచినా తలుపు తియ్యనని రాజుకి మాటిచ్చాడు. సాయం తేవడానికి వెళ్లిన తమ్ముడు కుడి చేతికి దెబ్బ తగిలి, వెనక శత్రువులు తరుముతుంటే తిరిగొచ్చి తలుపు కొడతాడు. అన్న తియ్యడు. తెల్లారి తలుపు తీస్తే గడప మీద తమ్ముడి శవం. కథ ఇంతే. దీన్ని ఐదు గంటలు ఆడేవారట. తమ్ముడొక్కడే తలుపవతల పదకొండు పద్యాలు పాడి చనిపోతాడు. జనం “వన్స్ మోర్” అని అరిస్తే, చచ్చినవాడు లేచి, దుమ్ము దులుపుకుని, ఆఖరి పద్యం మళ్లీ పాడి మళ్లీ చావాలి.

“పొన్నూరులో మా నాన్న ఒకే ఆటలో నాలుగుసార్లు చచ్చాడయ్యా” అని గర్వంగా చెప్పేవాడు. వెంటనే మొహం చిన్నబుచ్చుకుని, “ఒక్కటీ రికార్డు చెయ్యలేదు ఎవ్వడూ” అనేవాడు.

ఆ నాటకాన్ని ఆయన సినిమాగా తియ్యాలనుకున్నాడు. అదీ జపాను చరిత్ర సినిమాగా. పాత కాలపు జపాను దొరలు, కత్తులు, కొయ్య కోట.

“జపాన్ ఎందుకు మాస్టారూ? మన కాకతీయులు లేరా?” అని శ్రావణ్ అడిగాడు.

“మనవాడి నెత్తిన కిరీటం పెట్టు, వెంటనే రాగం తీస్తాడు. నావల్ల కాదు ఆపడం, నా రక్తంలో ఉంది. అదే జపానువాడైతే నోరు మూసుకుని చస్తాడు.”

“గంతేనా?”

“ఇంకోటుంది. కోట బయట మంచు పడాలి. తమ్ముడు మంచులో పోవాలి. మా ఊళ్లో దూది చల్లినా ఎవడూ నమ్మడు. ఇక్కడ దేవుడు ఊరికే పోస్తున్నాడు కదయ్యా.”

నవ్వులాటగా మొదలైందిగానీ ఆయనకది నవ్వులాట కాదు. తనూ, భార్యా కాక సమాజంలో మిగిలిన నటులు నలుగురే. అందరూ డెబ్బై దాటినవాళ్లు. వాళ్లు పోతే నాటకం పోతుంది. కాలేజీ ఇచ్చే కెమెరా ఏప్రిల్ దాకానే చేతిలో ఉంటుంది, పర్మిటు మే దాకానే. అంతలో తాత నాటకం ఏదో ఒక రూపంలో నిలబడాలి. భార్యకి ఆ ఒక్క మాటే చెప్పి విమానమెక్కాడట.

నేను ఇందులోకి వచ్చింది పట్టికల వల్ల. ఒక ఆదివారం ఆయన నాటకం పుస్తకం ముందు పెట్టుకుని, ప్రతి పద్యం పక్కనా పెన్సిల్‌తో ఏదో గీస్తూ కొట్టేస్తూ కూర్చున్నాడు. చూడలేక లాప్‌టాప్ తీశాను. పద్యం నంబరు, పాడే నిడివి, అది చెప్పే సంగతి, దాని బదులు చూపించే వస్తువు. నాలుగు గడులు. అరవై నాలుగు పద్యాలు. ఆయన పద్యం పాడతాడు, నేను స్టాప్‌వాచ్ నొక్కుతాను, తర్వాత ఇద్దరం వాదించుకుంటాం. అన్న రాజభక్తి మీద ఏడు పద్యాలుంటే, వాటన్నిటి బదులు అతను రాజు గదిలోకి వెళ్లేముందు చెప్పులు సరిగ్గా జతచేసి పెట్టడం ఒక్కటే. తల్లి దీవెన బదులు మడిచిన బట్ట. యుద్ధ వర్ణన పదహారు పద్యాలు. వాటికి బదులు ఏమీ లేదు, గుర్రం లేకుండా తిరిగొచ్చిన కళ్లెం తప్ప.

ఒక పద్యం కొట్టేసిన ప్రతిసారీ దాన్ని చివరిసారి పూర్తిగా పాడేవాడు, ఉరికి ముందు ఖైదీకి భోజనం పెట్టినట్టు. తర్వాత “తీసెయ్ ఇంజనీరూ” అనేవాడు.

పదకొండు చావు పద్యాల దగ్గర రెండు వారాలు ఆగిపోయాం. ఆయనే తేల్చాడు. “చెయ్యి. ఎడమ చెయ్యి. కుడిది తెగింది కదా. తలుపు ఇనుప కడియం పట్టుకుంటాడు, మూడుసార్లు కొడతాడు. నాలుగోసారి కొట్టడు. పట్టుకునే ఉంటాడు. మొహం చూపించం, వీపు చూపిస్తాం.” ఆ మాట అన్నాక, తనే ఆశ్చర్యపోయినట్టు నా వైపు చూశాడు. “వీపుతో ఏడవొచ్చయ్యా ఇందులో. ముప్పై ఏళ్లు తెలీలేదు నాకు.”

కాలేజీలో ఆయన కథ చెప్పిన రోజు ఇన్‌స్ట్రక్టర్ మర్యాదగా విని, మీ సొంత కథ తియ్యండి, విద్యార్థుల జీవితం, బేస్‌మెంట్, అలాంటిది అన్నాడట. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా మా మధ్య నిలబడి ఆ సీను మొత్తం ఆడి చూపించాడు.

“బేస్‌మెంట్ తియ్యమంటాడు. ఏముందయ్యా బేస్‌మెంట్‌లో, మూడు రైస్ కుక్కర్లు తప్ప?”

“నేనున్న కదా మాస్టారూ” అన్నాడు శ్రావణ్.

“నువ్వు కోటలో ఉంటావు. సైజు చూసుకో. బేస్‌మెంట్‌లో పట్టవు.”

కవచాలు పాత సామాన్ల కొట్లో దొరికిన ఐస్ హాకీ భుజం ప్యాడ్లు. వాటి మీద యోగా మ్యాట్‌ని పలకలుగా కోసి, నల్ల రంగు వేసి, బూట్ల లేసులతో కుట్టాం. తలమీద ముడికి నల్ల సాక్సు. కోట మాత్రం నిజమైనది దొరికింది. ఊరి బయట పొలంలో ఒక ముసలి రైతుకి చెక్కతో కట్టిన పాత బార్న్, గడ్డి దాచే కొట్టం ఉంది. మనిషికి రెండింతలుండే తలుపు, దానికి చేతి మందాన ఇనుప కడియం. మాస్టారు మొదటిసారి చూసినప్పుడు, స్టేజీ ఎక్కేముందు చేసినట్టు, వంగి నేల ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. రైతు ఏదో పడిపోయిందనుకుని తనూ వంగి వెతికాడు.

చలికాలమంతా శనివారాలు తీశాం. వేర్‌హౌస్ దోస్తులు సైనికులు. ఆ వారం డబుల్ షిఫ్టు చేసినవాళ్లనే ఏరి ముందు వరసలో నడిపించేవాడు. “ఓడిపోయి వస్తున్న సైన్యం. మీరేం నటించక్కర్లేదు బాబూ, అలాగే నడవండి” అనేవాడు. మార్చి రెండో వారానికి మిగిలింది ఒక్క సీను. తమ్ముడు తలుపు దగ్గర పోయే సీను. వాతావరణం చూశాను. ఆ శనివారం తర్వాత చలి విరిగిపోతుంది, ఉన్న మంచు బురదవుతుంది. ఆ రోజు తియ్యకపోతే మళ్లీ డిసెంబరే. అప్పటికి ఆయన ఇక్కడ ఉండడు.

తమ్ముడి వేషం ఆయనే వేస్తానన్నాడు. నాన్న వేసిన వేషం, తర్వాత తను వేసిన వేషం. కెమెరా స్టాండు మీద పెట్టి నాకప్పగించాడు. శ్రావణ్ తలుపు లోపల అన్న. ఇంకెవరూ లేరు. మైనస్ పందొమ్మిది, గాలితో కలిపితే మైనస్ ఇరవై ఎనిమిది. నేను కాగితం మీద రాసిచ్చాను: ఒక్కో టేకుకి తలుపు కొట్టాక నలభై సెకన్లు, మించకూడదు, మధ్యలో పావుగంట కారులో హీటరు దగ్గర. ఆయన చదివి, మడిచి, కవచంలో పెట్టుకున్నాడు.

“కట్ అనకు ఇంజనీరూ. తెర అను. తెర పడేదాకా చచ్చినవాడు కదలకూడదు. చీమ కుట్టినా సరే. మా నాన్న చెంపదెబ్బ కొట్టి నేర్పాడది.”

“గ్లవ్ వేసుకోండి, రంగు వేద్దాం” అన్నాను.

“పదకొండు పద్యాలు తీసేసి ఈ చెయ్యి పెట్టాం. దీనికి గుడ్డ చుడితే ఏం మిగిలిందయ్యా?”

మొదటి టేకులో గాలికి కెమెరా ఊగింది. రెండోది బాగుందిగానీ చివర్లో రోడ్డు మీద పాల ట్యాంకరు వెళ్లింది. మూడోది చక్కగా వచ్చింది. నేను తెర అన్నాను, ఆయన లేచాడు, శ్రావణ్ తలుపు తీసుకుని బయటికొచ్చి ఆయన భుజాల మీద దుప్పటి కప్పాడు. నేను నా పట్టిక కాగితం చూసుకున్నాను. తొమ్మిదో వరస: గాయం కుడి చెయ్యి, కొట్టేది ఎడమ చెయ్యి. మూడో టేకులో అలసిపోయి కుడి చేత్తో కొట్టాడు.

ఆయనకి తెలీదు. శ్రావణ్‌కి తెలీదు. నాకొక్కడికే తెలుసు.

“మాస్టారూ, కుడి చేత్తో కొట్టారు” అన్నాను.

“ఎవడు జూస్తడు రా?” శ్రావణ్ కోప్పడ్డాడు. “పెదవులు జూడు, నల్లగైనయ్. వదిలెయ్.”

“దెబ్బ తగిలింది కుడి చేతికే కదా. పాత సీనులో రక్తం కనిపిస్తుంది.”

మాస్టారు తన రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసుకున్నాడు. “ఇంజనీరు చెప్పింది రైటు” అన్నాడు. దుప్పటి తీసి శ్రావణ్ చేతిలో పెట్టాడు. “వన్స్ మోర్” అని నవ్వి, మంచులోకి వెనక్కి నడిచాడు. కారులో కూర్చోమని నేననలేదు. వెలుతురు పోతోంది.

నాలుగో టేకు. పడుతూ లేస్తూ వచ్చాడు. ఎడమ చేత్తో మూడుసార్లు కొట్టాడు. కడియం పట్టుకుని మోకాళ్ల మీదికి జారాడు. వీపు రెండుసార్లు ఎగిసి ఆగిపోయింది. నలభై సెకన్లు దాటాయి. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడు మంచు మొదలైంది. గాలి పడిపోయింది. నిట్టనిలువుగా, పెద్ద పెద్ద పలుకులు. వీపు మీద పడింది, తలముడి మీద పడింది, కడియం మీదున్న చేతి మీద పడింది. మొదట చేతి మీద పడ్డది కరిగింది. కాసేపటికి కరగడం మానేసింది.

వ్యూఫైండర్‌లో అంతకంటే అందమైనది నేను చూడలేదు. నాలుగు గడుల పట్టికలో రాయలేనిది అదొక్కటే. ఆయన కదలడు. నేను తెర అనేదాకా కదలడని నాకు తెలుసు. స్టాప్‌వాచ్ నా ఎడమ చేతిలో నడుస్తూనే ఉంది.

“తియ్యాల్నా?” తలుపు లోపల్నుంచి శ్రావణ్ అరిచాడు.

నేను పలకలేదు. సౌండ్ రికార్డవుతోంది.

“రేయ్, తియ్యాల్నా?”

తెర అన్నాను. ఆయన లేవలేదు. పరిగెత్తాను. స్పృహలోనే ఉన్నాడు. కళ్లు తెరిచి “వచ్చిందా?” అన్నాడు. చెయ్యి కడియం నుంచి రాలేదు. శ్రావణ్ ఫ్లాస్కులో టీ పోసి ఊడదీశాడు. చర్మం కొంత ఇనుముకే ఉండిపోయింది.

ఎమర్జెన్సీలో డాక్టరు చేతిని చూసి, బయట ఎంతసేపు ఉందని అడిగింది. మాస్టారు నావైపు చూశాడు, లెక్కలన్నీ నా దగ్గరే ఉంటాయి కాబట్టి.

“నోట్ చేయలేదు” అన్నాను.

ఆయన ఇంకో క్షణం నన్నే చూసి, డాక్టరు వైపు తిరిగి, తనకొచ్చిన ఇంగ్లీషులో “షార్ట్ టైమ్ మేడమ్, వెరీ షార్ట్” అన్నాడు. జీవితంలో మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాడు.

ఐదు వారాలు చూసి ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తీసేశారు. వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు ఎత్తలేకపోయాడు, షిఫ్టులు పోయాయి. “హార్మోనియం తిత్తి కొట్టడానికి మూడు వేళ్లు చాలయ్యా” అని మా ముందు చెయ్యి ఆడించి చూపించేవాడు. ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు జేబులో పెట్టుకునేవాడు. ఎడిటింగ్ తర్వాత చేద్దామన్నాడు. మే నెలలో వెళ్లిపోతూ హార్డ్‌డిస్క్ నాకిచ్చి, “నీ దగ్గరుంటే పోదు” అన్నాడు. పోలేదు. రెండేళ్లు మూడు ఇళ్లు మారాను, ప్రతిచోటా అదే అట్టపెట్టెలో, అదే టేపుతో ఉంది. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఈ నెలలో కూర్చుంటానని చెప్పాను. తర్వాత ఆయన అడగడం మానేశాడు.

శ్రావణ్ మెసేజ్ వచ్చిన నాలుగో రోజు ఆమె ఫోన్ చేసింది. లంచ్‌కి బయటికొచ్చి ఆఫీసు వెనక బెంచీ మీద కూర్చున్నాను.

“బాబూ, నేను మీ మాస్టారి భార్యని. పన్నెండో రోజు మావాళ్లు సభ పెడుతున్నారు. బొమ్మ వెయ్యడానికి తెర కడతారంట. అక్కడ తీసిన దాంట్లో ఆయన ఉన్నది ఏదైనా ఉంటే పంపుతావా?”

ఉన్నది ఆ నాలుగు టేకులే. మిగతా అంతా ఆయన కెమెరా వెనకున్నాడు. సాయంత్రం అట్టపెట్టె టేపు కోసి, నాలుగు టేకులూ లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. మొదటి మూడు టేకుల్లో తెర అన్నాక ఆయన లేచి, మంచు దులుపుకుని, కెమెరా వైపు నడిచొచ్చే ముక్కలున్నాయి. వాటిని మాత్రం కలిపాను. పందొమ్మిది సెకన్లు. నవ్వుతున్నాడు. పంపాను.

మర్నాడు అదే సమయానికి మళ్లీ ఫోన్.

“ఇదేంటయ్యా, లేచేదే పంపావు?” అంది. “ఇరవై ఏళ్లు ఆయన పక్కన స్టేజీ మీదున్నాను నేను. లేచేది చూసి ఏం చేసుకోను? పడిపోయేది పంపు. ఎన్ని తీశారు?”

“నాలుగు అక్కా.”

“ఏది బాగొచ్చింది?”

అబద్ధం చెప్పొచ్చు. మూడోది అనొచ్చు. చెయ్యి తేడా అక్కడ ఎవరూ పట్టుకోరు. “నాలుగోది” అన్నాను. పంపాను. కొయ్యలేదు, ముందూ వెనకా ఏమీ తియ్యలేదు.

ఆమె వెంటనే ఫోన్ చెయ్యలేదు. గంటన్నర పట్టింది. మీటింగులోంచి లేచి వచ్చి తీశాను. అవతల నలుగురైదుగురు మనుషులున్న చప్పుడు, కుర్చీల చప్పుడు.

“లోపల్నుంచి తియ్యాల్నా అని అరుస్తున్నది ఎవరు?”

“శ్రావణ్ అక్కా. అన్న వేషం.”

“నువ్వు పలకలేదు.”

“పలకలేదు.”

“వేళ్లు అందులోనే పోయాయా?”

“అవునక్కా.”

“మాతో మిషన్‌లో పడ్డాయన్నాడు. రెండేళ్లుగా ఆ మిషన్‌ని తిట్టుకుంటున్నాను.” కోపం లేదు ఆ గొంతులో, అందుకే వినడం కష్టంగా ఉంది. “తెర నువ్వే వేశావా?”

“నేనే.”

“ఆలస్యం చేశావు బాబూ.”

“చేశాను.”

“ఎంతసేపున్నాడు అలాగ? వీడియోలో లెక్క తెలీట్లేదు మాకు, ఈ ఫోన్‌లో ఆగి ఆగి వస్తోంది.”

“తలుపు కొట్టడం ఆపిన దగ్గర్నుంచి ఆరు నిమిషాల ఇరవై రెండు సెకన్లు” అన్నాను. ఆ అంకె బయటికి చెప్పడం అదే మొదటిసారి.

“అంతసేపూ కదల్లేదూ?”

“కదల్లేదక్కా.”

ఫోన్ మొహం నుంచి పక్కకి జరిగింది. అవతలున్న ముసలి నటులతో, చివరి బెంచీకి వినపడే గొంతుతో ఆమె చెబుతోంది.

“ఆరు నిమిషాలంట. మంచులో. కదల్లేదంట.”